ఒకే ఖాతా, రెండు కాగితాలు: భార్య వలసకు హామీ ఇచ్చిన ఒక విజయవాడ భర్త ఆదాయపు లెక్క

మా ఆఫీసు విజయవాడ గవర్నర్‌పేటలో ఉంది. నేను చార్టర్డ్ అకౌంటెంటును. అమెరికాలో పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండి ఇక్కడ పెళ్ళి చేసుకున్నవారు జీవిత భాగస్వామి కోసం ఇవ్వవలసిన ఐ-864 హామీపత్రానికి కావలసిన లెక్కలు, నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి విలువ) సర్టిఫికెట్లు తయారుచేయడం కొన్నేళ్ళుగా నా పనిలో ఒక భాగమైంది. అమెరికా పన్ను రిటర్నులు నేను వేయను; వాటికి అక్కడ లైసెన్సున్న ఒక ఎన్‌రోల్డ్ ఏజెంటుతో కలిసి పనిచేస్తాను. ఈ ఫైలులోని కుటుంబాన్ని గుర్తుపట్టడానికి వీలులేకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

భర్తకు 31 ఏళ్ళు. తల్లిదండ్రులు అమెరికాలో ఉన్న రోజుల్లో పుట్టి, నాలుగో ఏట వారితో తిరిగి వచ్చి, విజయవాడలోనే చదువుకుని పెరిగాడు. చేతిలో అమెరికా పాస్‌పోర్టు, ఇక్కడ ఉండడానికి ఓసీఐ కార్డు ఉన్నాయి. హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచి పనిచేస్తూ ఏడాదికి 21 లక్షలు తెచ్చుకుంటున్నాడు. తండ్రికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. తాతగారు వీలునామా ద్వారా ఇచ్చిన ఎకరన్నర పొలం ప్రత్తిపాడు వైపు కౌలుకు ఉంది. 2022 నవంబరులో గుంటూరు అమ్మాయితో పెళ్ళయింది. ఆమె ఒక ఇంజనీరింగ్ కళాశాలలో లెక్చరర్. ఆ డిసెంబరులోనే భార్య వలసకు మొదటి మెట్టయిన ఐ-130 పిటిషన్ వేశారు, 2023 నవంబరులో మంజూరైంది, ఫైలు ఇంటర్వ్యూకు ముందు పత్రాలు సరిచూసే నేషనల్ వీసా సెంటర్‌కు చేరింది. అంతవరకు ఏ చిక్కూ లేదు.

చిక్కు హామీపత్రంతో మొదలైంది. వేరే ఒక ఏజెంటు నింపి పంపిన ఐ-864ను వీసా సెంటర్ పన్ను పత్రాలు లేవంటూ వెనక్కి పంపితే, 2024 మార్చిలో తండ్రీకొడుకులు దాని ప్రతి పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. అందులో మూడు సంగతులు నన్ను ఆపాయి. 21 లక్షల జీతాన్ని డాలర్లలోకి మార్చి, దాదాపు 25,300 డాలర్లని ప్రస్తుత ఆదాయం గడిలో వేశారు. పన్ను రిటర్నుల ప్రశ్నకు, ఆదాయం తక్కువ కాబట్టి రిటర్ను వేయవలసిన అవసరం లేదనే గడిలో టిక్కు పెట్టారు. ఆస్తుల పట్టికలో 40 లక్షల బ్యాంకు నిల్వ చూపించారు. ఒకే పత్రంలో ఒక పేజీ ఆదాయం సరిపోతుందని, ఇంకో పేజీ రిటర్ను వేయనక్కరలేనంత తక్కువ అని చెబుతున్నాయి. కింద అబద్ధమైతే శిక్షకు లోబడతానని అబ్బాయి చేసిన సంతకం ఉంది.

నేను ఇది చూపించగానే తండ్రి, "మా వాడు ఇక్కడ టీడీఎస్ కడుతూనే ఉన్నాడు కదండీ ఆడిటర్ గారూ, మళ్ళీ అక్కడెందుకు?" అన్నారు. ఈ ప్రశ్న దాదాపు ప్రతి ఫైలులోనూ వస్తుంది. అమెరికా తన పౌరులు ప్రపంచంలో ఎక్కడున్నా, ఎక్కడ సంపాదించినా రిటర్ను అడుగుతుంది. నాలుగో ఏట వచ్చేసినవాడైనా పౌరుడే. పైగా పెళ్ళయి భార్యాభర్తలు విడివిడిగా రిటర్ను వేసే వర్గంలో మొత్తం ఆదాయం 5 డాలర్లు దాటితే చాలు, రిటర్ను వేయాలి. ఇరవై ఒక్క లక్షల జీతగాడికి ఆ టిక్కు ఏ లెక్కనా కుదరదు.

ఆదాయం అనే మాటకు ఉన్న మూడు అర్థాలు

ఐ-864లో ఆదాయం మూడు చోట్ల, మూడు అర్థాల్లో వస్తుంది. మొదటిది రిటర్నులోని మొత్తం ఆదాయం, అంటే అమెరికా వ్యక్తిగత పన్ను రిటర్ను అయిన ఫారం 1040లో 9వ గీత (లైన్) మీది అంకె. మినహాయింపులన్నీ పోయాక పన్ను వేసే అంకె కాదు. రెండవది సంతకం చేసే రోజున ఏడాదికి వస్తున్న వ్యక్తిగత ఆదాయం. అర్హతను ప్రధానంగా తేల్చేది ఇదే. మూడవదానికి విడిగా గడి లేదు కాని అధికారి మనసులో ఉండే ప్రశ్న అదే: వలస తరువాత కూడా ఈ ఆదాయం అదే చోటు నుంచి వస్తుందా? విదేశంలో సంపాదిస్తున్న హామీదారు విషయంలో ఈ మూడవదే ఫైలును నిలబెడుతుంది, లేదా పడగొడుతుంది. మన దగ్గర పన్నుకు ఒక ఆదాయం, బ్యాంకు లోనుకు ఒక ఆదాయం, పెళ్ళి సంబంధానికి ఒక ఆదాయం చెప్పడం అలవాటు కాబట్టి, ఈ మూడింటినీ కూడా అలాగే సందర్భానికి తగినట్టు చెప్పే మూడు అంకెలనుకుంటారు. నిజానికి ఇవి ఒకే నిజానికి మూడు కొలతలు. వాటి మధ్య తేడా ఎందుకు వచ్చిందో కాగితంతో చూపగలగాలి.

హామీ ఇచ్చేవారి ఆదాయం, ఇంట్లోని మనుషుల సంఖ్యకు అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక ప్రమాణంలో కనీసం 125 శాతం ఉండాలి. సైన్యంలో క్రియాశీల సేవలో ఉన్నవారు భార్యకు హామీ ఇస్తే 100 శాతం చాలు. ఇద్దరి ఇంటికి 2023 పట్టికలో అది 24,650 డాలర్లు, 2024 పట్టికలో 25,550. ఏజెంటు పాత పట్టిక చూసుకుని గట్టెక్కామనుకున్నాడు. మేము మళ్ళీ దాఖలు చేసే నాటికి కొత్త పట్టిక అమల్లో ఉంది కనుక అదే జీతం 250 డాలర్లు తక్కువైంది. అంచు మీద నిలిచే అంకెతో హామీపత్రం వేయకూడదని నేను అనడానికి ఇదొక కారణం; రూపాయి మారకం రేటు రెండో కారణం.

అయితే 250 డాలర్ల లోటు అసలు లోటు కాదు. భార్యతో అమెరికా వెళ్ళిన రోజున ఈ ఉద్యోగం ఉండదు. అక్కడి నుంచి పనిచేయడానికి ఒప్పుకుంటామని కంపెనీ లేఖ ఇస్తుందేమో అడగమన్నాను; ఇవ్వలేమన్నారు. భార్య జీతం గతి కూడా అంతే: వలస వచ్చే వ్యక్తి ఆదాయాన్ని కలుపుకోవచ్చు కాని అదే చోటు నుంచి అది కొనసాగాలి, కళాశాల జీతం కొనసాగదు. మిగిలేది పొలం కౌలు, ఏడాదికి 60,000 రూపాయలు, అంటే 720 డాలర్ల చిల్లర. ఇరవై ఒక్క లక్షల జీతగాడికి లెక్కకు వచ్చే ఆదాయం అంతేనని చెప్పినప్పుడు ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

వేయని రిటర్నుల సంగతి

దేనికైనా ముందు పాత రిటర్నులు వేయాలి. చట్టం ప్రకారం వేయవలసి ఉండీ వేయనివారు, వేసిన తరువాతే హామీపత్రం పని ముందుకు సాగుతుంది. తెలియక వేయలేదని ధ్రువీకరించగలిగిన విదేశీ నివాసులకు అక్కడి పన్నుశాఖ స్ట్రీమ్‌లైన్డ్ అనే దారి ఇచ్చింది: గత మూడేళ్ళ రిటర్నులు, ఆరేళ్ళ విదేశీ ఖాతాల నివేదికలు, ఎందుకు వేయలేదో వివరించే ఫారం 14653. ఈ దారిలో జరిమానా ఉండదు. మాకు 2020, 2021, 2022 రిటర్నులు, 2017 నుంచి 2022 వరకు ఖాతాల నివేదికలు కావలసి వచ్చాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదేమోనని భయపడ్డాను; అదృష్టవశాత్తూ పుట్టినప్పుడు తీసుకున్న కార్డు తల్లిగారి బీరువాలో చీరల మడతల మధ్య దొరికింది.

ఇక్కడే ఈ ఫైలులో నాకు ముఖ్యమనిపించిన నిర్ణయం ఒకటుంది. విదేశంలో సంపాదించిన పౌరుడు ఫారం 2555 ద్వారా ఆ సంపాదనను ఆదాయం నుంచి తొలగించుకోవచ్చు. 2023లో ఆ పరిమితి 1,20,000 డాలర్లు. పన్ను ఉండదు, పని సులువు, అందుకే చాలామంది రిటర్నులు వేసేవారు కళ్ళు మూసుకుని అదే వాడతారు. కాని ఆ తొలగింపు రిటర్నుకు జతచేసే షెడ్యూల్ 1లో మైనస్ అంకెగా వచ్చి 9వ గీతలోకి ప్రవేశిస్తుంది కాబట్టి, మొత్తం ఆదాయం సున్నాకు దగ్గరగా పడిపోతుంది. హామీపత్రం అడిగేది సరిగ్గా ఆ గీతనే. రెండో దారి ఫారం 1116: ఆదాయమంతా రిటర్నులో చూపించి, భారతదేశంలో కట్టిన పన్నును అక్కడి పన్నుకు జమ చేసుకోవడం. అప్పుడు పన్ను తగ్గుతుంది, ఆదాయం అలాగే కనిపిస్తుంది. మా వాడు ఇక్కడ మూడు లక్షలకు పైగా కడుతుండగా, అదే జీతం మీద అమెరికా పన్ను స్టాండర్డ్ డిడక్షన్ పోగా వెయ్యి డాలర్లకు కాస్త అటూఇటూ. జమ తరువాత జీతం మీద ఏమీ మిగలదు. 1116నే ఎంచుకున్నాము. ఇప్పటికే 2555 వాడుతున్నవారు మాత్రం తొందరపడకూడదు, ఎందుకంటే దానిని ఒకసారి వదులుకుంటే పన్నుశాఖ అనుమతి లేకుండా ఐదేళ్ళపాటు మళ్ళీ వాడుకోవడం కుదరదు.

జీతం వలస తరువాత లెక్కకు రాదని చెప్పి, మళ్ళీ రిటర్నులో అది కనిపించాలని ఎందుకు పట్టుబట్టారని అబ్బాయి అడిగాడు. సహేతుకమైన ప్రశ్నే. ఆ అంకె అర్హతను ఇవ్వదు. కాని పనిచేసి సంపాదించగల మనిషి అని, పాతికేళ్ళుగా ఏ ఆదాయమూ లేని మనిషి కాదని చూపిస్తుంది. సున్నా చూసిన అధికారి ప్రశ్నలు ఒక రకంగా ఉంటాయి, 25,000 చూసిన అధికారి ప్రశ్నలు ఇంకో రకంగా ఉంటాయి.

లెక్కలో మెలికలు కొన్ని చెప్పాలి. కంపెనీ ఇచ్చే జీతం, పన్ను సర్టిఫికెట్, అంటే అప్పటి మన ఫారం 16, ఏప్రిల్ నుంచి మార్చి వరకు. వాళ్ళ సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు వరకు. 2023 మార్చి దాకా జీతం 18 లక్షలు, తరువాత 21 లక్షలు. కాబట్టి ఆ క్యాలెండర్ సంవత్సరానికి 20.25 లక్షలు వచ్చింది, ఏ ఫారం 16లోనూ కనిపించని అంకె. పన్నెండు పేస్లిప్పులు వరుసగా పెట్టి, ఏడాది సగటు మారకం రేటుతో మార్చి, ఆ పట్టికను హామీపత్రానికి కూడా జతచేశాము. కౌలు ఇక్కడ అప్పటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(1) కింద వ్యవసాయ ఆదాయం, పన్ను లేదు. అక్కడ మాత్రం పన్ను పడే ఆదాయమే. ఇక్కడ పన్ను కట్టలేదు కనుక దాని మీద జమ చేసుకోవడానికీ ఏమీ లేదు, అందువల్ల కొద్ది డాలర్లు కట్టవలసి వచ్చింది. తండ్రికి ఆ కొద్ది డాలర్లు చాలా బాధ కలిగించాయి.

ఫైలింగ్ స్టేటస్ గురించి ఒక మాట. డిసెంబరు 31న పెళ్ళయి ఉంటే ఆ ఏడాదంతటికీ వివాహితులే. భార్య గుంటూరులో ఉంది కదా అని సింగిల్ అని రిటర్ను వేసి, అదే ఏడాది తేదీ ఉన్న పెళ్ళి సర్టిఫికెట్‌తో పిటిషన్ వేసిన వారిని నేను అమెరికాలో ఉద్యోగం చేస్తున్నవారిలోనే ఎక్కువగా చూశాను. రెండు కాగితాలూ ఒకే ప్రభుత్వం దగ్గరకు వెళతాయి.

నలభై లక్షల ఖాతా

ఏజెంటు ఆస్తిగా చూపిన 40 లక్షలు అబ్బాయివి కావు. తండ్రీకొడుకుల పేర్లతో ఉన్న ఉమ్మడి ఖాతా అది. సీజనులో రైతులకు ఇవ్వవలసిన సొమ్ము, కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ము అందులో తిరుగుతుంటాయి. మిర్చి వచ్చే నెలల్లో నిల్వ పెరుగుతుంది, వర్షాకాలానికి అడుగంటుతుంది. స్టేట్‌మెంటు తీసిన తేదీ ఫిబ్రవరి. అధికారి ఆరు నెలల స్టేట్‌మెంటు అడిగితే ఆ పేజీయే మనకు వ్యతిరేక సాక్ష్యం అవుతుంది. దానిని ఆస్తుల పట్టిక నుంచి తీసేశాము.

కాని అదే ఖాతాను విదేశీ ఖాతాల నివేదికలో తప్పక చూపించాలి. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా విదేశీ ఖాతాలన్నిటి నిల్వల మొత్తం 10,000 డాలర్లు దాటితే ఫిన్‌సెన్ 114 నివేదిక ఇవ్వాలి. ఖాతాలో పేరుంటే చాలు, సొమ్ము ఎవరిదన్నది తరువాతి మాట. అంటే ఒకే ఖాతా ఒక కాగితంలో ఉండి తీరాలి, ఇంకొక కాగితంలో ఉండకూడదు. ఇది తండ్రిగారికి నచ్చచెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ప్రభుత్వానికి చూపిన సొమ్మును కాన్సులేటుకు ఎందుకు చూపకూడదని ఆయన వాదన. కనిపించడం వేరు, సొంతం కావడం వేరని నా సమాధానం. ఆ తరువాత ఆయన ఇంకొక దారి చూపారు: కొడుకును కమీషన్ ఫర్మ్‌లో భాగస్వామిగా పాత తేదీతో చేర్చి, ఏడాదికి పదిహేను లక్షల వాటా రాసి, ఇక్కడి రిటర్నును గడువు దాటాక వేసే ఐటీఆర్-యూతో సవరించడం. అదనపు పన్ను కడతానని కూడా అన్నారు. పన్ను కట్టినంత మాత్రాన జరగని భాగస్వామ్యం జరిగినట్టు కాదు. ఆ కాగితం చేయాలంటే ఫైలు తీసుకువెళ్ళమని చెప్పాను, ఆయన తీసుకువెళ్ళలేదు.

ఆస్తులు, మేనమామ

ఆదాయం చాలనప్పుడు ఆస్తులతో పూరించవచ్చు. అమెరికా పౌరుడు భార్యకు హామీ ఇస్తే లోటుకు మూడు రెట్లు, ఇతర వలసల్లో చాలావరకు ఐదు రెట్లు చూపాలి. ఏడాదిలోపు పెద్ద నష్టం లేకుండా నగదుగా మార్చగలిగినవీ, అమెరికాకు తరలించగలిగినవీ అయి ఉండాలి. కౌలును వదిలి ఆదాయం సున్నా అనుకుని లెక్కవేస్తే 76,650 డాలర్లు, అప్పటి రేటుకు 63.6 లక్షలు కావాలి. అబ్బాయి పేరున పటమటలో ఉన్న ఫ్లాటుకు రిజిస్టర్డ్ వాల్యూయర్ 78 లక్షలు కట్టారు. బ్యాంకు అప్పు 31 లక్షలు పోగా 47. అతని డిపాజిట్లు 6, పీఎఫ్ 6.5, భార్య డిపాజిట్లు 9. వలస వచ్చే భార్య ఆస్తులనూ కలుపుకోవచ్చు. మొత్తం 68.5 లక్షలు. ఫ్లాటు మీది లావాదేవీలు చూపే ఈసీ, అప్పు నిల్వ లేఖ, సర్టిఫికెట్ నిజమైనదో కాదో సరిచూసుకునే నంబరు యూడీఐఎన్‌తో నా నెట్‌వర్త్ సర్టిఫికెట్ జతచేశాము. పెళ్ళికి పెట్టిన బంగారం కలపమని అత్తగారి వైపు నుంచి మాట వచ్చింది. నగలు అమ్మి బతుకుతామని కాన్సులేటులో చెప్పే అమ్మాయిని ఊహించుకోమన్నాను, మళ్ళీ ఆ మాట రాలేదు. పొలం కూడా కలపలేదు. ఎకరన్నర అమ్మడానికి ఏడాది చాలుతుందని నేను సంతకం పెట్టి చెప్పలేను.

68.5 లక్షలు 63.6ను దాటింది కాని, ఫ్లాటు ధరలో ఒక ఐదు లక్షలు అధికారి తగ్గించుకుంటే అంతా పోతుంది. అందుకే తన ఆదాయం చూపి బాధ్యత పంచుకునే ఉమ్మడి హామీదారును కూడా పెట్టాలన్నాను. టెక్సస్‌లో ఉన్న అబ్బాయి మేనమామ పౌరుడు. ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు, వీరితో పాటు ఈ అమ్మాయి, ఐదుగురి లెక్కకు 2024లో 45,725 డాలర్లు కావాలి. ఆయన జీతమే 96,000. భార్యాభర్తలు కలిసి వేసే రిటర్నులో 9వ గీత ఇద్దరి ఆదాయం కాబట్టి, తన వాటా విడిగా తెలియడానికి యజమాని ఇచ్చే జీతపు పత్రం డబ్ల్యూ-2 జతచేయాలి. భార్య ఆదాయం వాడుకుంటే ఆమె కూడా ఐ-864ఏ అనే ఒప్పంద పత్రం ఇవ్వాలి. అది అవసరం కాలేదు.

వీడియో కాల్‌లో ఆయన సూటిగా అడిగారు: "కాగితాలు ఇవ్వడానికి అభ్యంతరం లేదు బావగారూ, కాని నా మెడకు ఏం చుట్టుకుంటుందో ఆడిటర్ గారిని చెప్పమనండి." చెప్పాను. అమ్మాయి పౌరురాలయ్యేవరకు, లేదా నలభై క్వార్టర్ల, అంటే దాదాపు పదేళ్ళ, పని ఆమె ఖాతాలో జమయ్యేవరకు, లేదా ఆమె అమెరికాను శాశ్వతంగా వదిలేవరకు, లేదా ఆమె గాని హామీ ఇచ్చినవారు గాని మరణించేవరకు ఈ బాధ్యత ఉంటుంది. మేనల్లుడూ అమ్మాయీ విడాకులు తీసుకున్నా అది పోదు. ఆ చివరి మాట పెళ్ళయి ఏడాదిన్నర కాని ఇంట్లో అనడం అశుభమని తల్లిగారు ముఖం తిప్పుకున్నారు, అయినా సంతకం పెట్టేవారికి అది ముందే తెలియాలి. ఆయన రెండు రోజులు ఆలోచించుకుని, "అక్కా, పెడతానులే" అని ఫోన్ చేశారట.

ఉమ్మడి హామీదారు ఉన్నా భర్త తన ఐ-864 వేయక తప్పదు. అందులో కొత్త ప్రతిలో జీతాన్ని దాచలేదు, దాని మీద ఆధారపడనూ లేదు. అది ఎప్పుడు ఆగిపోతుందో, దాని స్థానంలో ఏముందో ఒక పేజీ వివరణ లేఖలో రాశాము. ఇంకా మిగిలింది నివాసం. హామీదారు అమెరికాలో నివాసముండాలి, లేదా భార్య ప్రవేశించేలోపు అక్కడ నివాసం ఏర్పరచుకుంటాడని చూపాలి. ఎంత డబ్బున్న మేనమామ అయినా ఈ లోటు తీర్చలేడు. నాలుగేళ్ళ వయసు తరువాత అక్కడ ఉండని మనిషికి ఇది కాగితాలతో మాత్రమే తేలే విషయం కాదనిపించి, ముందుగా వెళ్ళమన్నాను. 2024 ఆగస్టులో వెళ్ళాడు. మేనమామ ఇంటి చిరునామాతో బ్యాంకు ఖాతా, టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నాడు. నవంబరులో ఒక కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాడు.

డిసెంబరులో ముంబై కాన్సులేటులో ఇంటర్వ్యూ. నేను ఎంతో శ్రమపడిన వాల్యుయేషన్ రిపోర్టును అధికారి తెరిచి చూసినట్టు లేదని అమ్మాయి చెప్పింది. భర్త ఎక్కడున్నాడు, ఎప్పుడు వెళ్ళాడు, మేనమామ ఏం చేస్తారు, ఇవే ప్రశ్నలు. మేనమామ తాజా పన్ను ట్రాన్‌స్క్రిప్టు, భర్త రెండు పేస్లిప్పులు అడుగుతూ, అవి అందేవరకు వీసాను ఆపి ఉంచే 221(జి) చీటీ ఇచ్చారు. అవి పంపిన కొన్ని వారాలకు వీసా వచ్చింది. పెళ్ళయి రెండేళ్ళు దాటాక ప్రవేశించడం వల్ల షరతులు లేని పదేళ్ళ గ్రీన్‌కార్డే దక్కింది.

ఆస్తుల కట్ట అనవసరమైందా అని తండ్రిగారు ఫీజు ఇస్తూ అడిగారు. ఉద్యోగం నవంబరులో దొరుకుతుందని ఏప్రిల్లో ఎవరికీ తెలియదని మాత్రం అన్నాను.

2025 మార్చిలో మేనమామ నుంచి నాకు నేరుగా ఒక సందేశం వచ్చింది. ఇల్లు మారుతున్నారట, ఏమైనా చేయాలా అని. మారిన ముప్పై రోజుల్లోపు హామీదారు చిరునామా మార్పు తెలిపే ఐ-865 పంపాలని, మేనల్లుడు కూడా ఆ ఇంటినుంచే వెళుతున్నాడు కనుక అతను విడిగా ఇంకొకటి పంపాలని రాశాను. దానితో పాటు పటమట ఫ్లాటును అద్దెకిచ్చారు కదా, ఆ అద్దెను రిటర్నులో షెడ్యూల్ ఈలో చూపించమని ఎన్‌రోల్డ్ ఏజెంటుకు చెప్పవలసిందిగా అబ్బాయికి గుర్తుచేశాను.